తీరం ఎక్కడ దాటుతుందని కాదు, ఇల్లు ఎప్పుడు దాటాలని

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందనగానే కోస్తా జిల్లాల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: తుపాను తీరం ఎక్కడ దాటుతుంది? మన ఊరి పేరు వినబడకపోతే ఊపిరి పీల్చుకుంటాం. ప్రాణం మీదికి తెచ్చే అలవాటు ఇది. 1977 నవంబరు 19న తుపాను దాటింది బాపట్ల తీరాన. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది దివిసీమలో. వాయవ్య దిశగా వచ్చే తుపానుకు కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఉప్పెన పోటెత్తేది అటే. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఆ నీరు సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. కాబట్టి పల్లపు ఊళ్లవాళ్లు తేల్చుకోవలసింది ఇల్లు ఎప్పుడు దాటాలన్నది.

హెచ్చరిక విన్నాక కూడా జనం కదలకపోవడానికి కారణం మొండితనమని అధికారులు అనుకుంటారు. నిజానికి వాళ్లను ఆపేది చాలాసార్లు మిగిలిపోయిన పనే. గేదెలను మెరకకు తోలాలి, పడవను ఒడ్డుకు లాగి కట్టాలి, కోసిన వరిని కుప్ప వేయాలి, పాసుపుస్తకాలూ మందులూ పాలిథిన్ సంచిలో కట్టుకోవాలి. వాతావరణ శాఖ 48 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది. ఆ మొదటి రోజే ఈ పనులు తెమిలితే రెండో రోజు గడప దాటడం తేలిక. 1990 మే నెలలో 1977 నాటి తుపానంతటిదే కృష్ణా ముఖద్వారం దగ్గర విరుచుకుపడింది. ముందుగానే ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించారు. మృతులు వెయ్యికి లోపే.

‘పోయినసారి వెళ్లాం, తుపాను పక్కకు మళ్లింది’ అనేవాళ్లున్నారు. వాళ్ల విసుగు న్యాయమైనదే. కూలి పోతుంది, పునరావాస కేంద్రంలో రాత్రి నరకమవుతుంది. అయినా ఆ నష్టం పూడ్చుకోగలిగినది. దానికి విరుగుడు కేంద్రాల్లో మంచినీళ్లు, మరుగుదొడ్లు, పశువులకు చోటు కల్పించడం. అంతేగాని జనం ఇంటిపట్టునే ఉండిపోవడం కాదు. ‘మాది డాబా ఇల్లు’ అనే ధీమా గాలి వరకే చెల్లుతుంది. పల్లంలోని ఒంటి అంతస్తు డాబాను ఉప్పెన నీరు ముంచగలదు. తిరుగు ప్రయాణంలోనూ గాలిని నమ్ముకోకూడదు. 2014లో హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖ మీదుగా సాగినప్పుడు గాలి కాసేపు సద్దుమణిగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. గాలి ఆగిందని కాక, అధికారులు చెప్పాకే ఇంటికి మళ్లాలి.

అక్టోబరు రాకముందే ప్రతి వీధీ ఒక మాట అనుకోవాలి: ఏ హెచ్చరికకు బయల్దేరాలి, మంచం పట్టిన పెద్దవాళ్లనూ నిండు గర్భిణులనూ ఎవరి బండిలో ఎక్కించాలి, పశువులను ఎవరు తోలాలి. ఆకాశం తేటగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయమే హోరుగాలిలో అక్కరకు వస్తుంది.