యుగాంతకథలు - వికలాంగులు

మన వాఙ్మయమున యుగాంతవర్ణనలకుఁ గొదవ లేదు. మహాభారతారణ్యపర్వమున మార్కండేయుఁడు ధర్మరాజునకుఁ గలియుగాంతలక్షణములు చెప్పుచు, మనుష్యులు పొట్టివారును అల్పాయుష్కులును అగుదురనియు, పదునాఱేండ్లకే తల నెఱయుననియుఁ జెప్పెను. ధర్మక్షయము దేహక్షయముచేఁ దెలియవలె నన్నమాట. ఈ సంకేతము కవికి సుకరమే. పొట్టివాఁడై పుట్టినవానికో, తన దేహమే కాలదోషమునకు సాక్ష్యమగుచున్నది.

ఆ పర్వమునందే అష్టావక్రోపాఖ్యానమును గలదు. ఎనిమిది వంకరలుగల బాలుఁడు జనకుని సభలో వందిని వాదమున గెలిచెను. ఇంతవఱకుఁ గథ యెంత యుదారము! పిమ్మటఁ దండ్రి యాజ్ఞచే సమంగానదిలో మునుఁగఁగా నాతని యంగములు సరియయ్యెను. ఇది తీర్థమాహాత్మ్యము గాన స్నానఫలము చెప్పుట రోమశునకు సహజమే యని కొందఱనవచ్చును. ఒప్పుకొందము. కాని ఫలము వేఱొకటి కావచ్చును గదా! బాలుఁడు తన వంకరలు పోవలెనని కోరలేదు, కథయే కోరినది. బడిలో నీ కథను వాదజయముతో నిలుపుదుమా, స్నానముతో ముగింతుమా యనునది ఉపాధ్యాయులు యోచింపవలసిన విషయము.

ఇప్పటి ‘జాంబీ’ కథలకు మూలము హైతిద్వీపము. అచ్చట జాంబీ యనఁగా మంత్రగాని చేతఁ జిక్కి బానిసయైన శవము; భయమంతయు దాస్యమును గూర్చినదే. 1968లో జార్జి రొమెరో తీసిన అమెరికా చిత్రముతో నది మనుష్యులఁ దిను గుంపుగా మాఱినది. తెలుఁగున ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న వచ్చినది. కథాస్థలము కర్నూలుసీమ, నేపథ్యము కరోనాభయము. ఈ జాతి చిత్రములలో భూతమును గుర్తించు చిహ్నములెవ్వి? ఈడ్చు కాలు, వంగిన మెడ, నిలుకడలేని చూపు, తెలియరాని పలుకు. ఇవి పక్షవాతము వచ్చినవారియందును, పుట్టుకతో నవయవములు స్వాధీనములో లేనివారియందును మనము నిత్యము చూచునవే. కాటుపడినవాఁడు క్షణములో ‘మనవాఁడు’ కాకపోవును. వానిఁ జంపినఁ బాపము లేదు. నాకు వెగటు గొలుపునది రక్తపాతము గాదు, ఈ తీర్పులోని సులభత్వము. ‘వికలాంగుఁడు’ అను మాటను ‘విభిన్న ప్రతిభావంతుఁ’డని మార్చుకొన్న కాలమున నీ చూపు మాత్రము మాఱలేదు.

కృష్ణాతీరమున యుగాంతమునకు రూపము వేఱు. కృష్ణనీరు కనకదుర్గమ్మ ముక్కుపుడక నంటునని బ్రహ్మంగారి పేర జనులు చెప్పుకొందురు. ఇందు భూతములు లేవు, నీరే కలదు. ఆ నీటిని సీమవా రెఱుఁగుదురు. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచి వేలకొలఁది ప్రాణములఁ గొన్నది. 2024 సెప్టెంబరు మొదట బుడమేఱు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతము నీటఁ బడినది. జాంబీకథలో నెవఁడు పరుగెత్తునో వాఁడు బ్రదుకును. నీరు వచ్చినప్పుడు గట్టికాళ్లవాఁడును పడవకై కనిపెట్టుకొని యుండవలసినవాఁడే. ఎవరిని ముం దెక్కింతురనునదే ప్రశ్న. వికలాంగులకు విపత్తులయందు సమానరక్షణ మీయవలెనని 2016 నాఁటి హక్కుల చట్టము 8వ విభాగమున విధించినది. ఆ మాట యెఱిఁగిన కథ మన భాషలో నింకను నాకుఁ గానరాలేదు.

ఉప్పెనను గన్నవారు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో నింకను గలరు. వారి మాటలను సేకరించువారు, ఎందఱు పోయిరని యడిగినట్లే, నడవలేనివారిని ఎవరు మోసికొనిపోయిరని, ఎవరిని విడిచివచ్చిరని కూడ నడుగవలెను.