మెల్లగా నింపిన త్వరగా నిండునా?

సూపర్ కెపాసిటరును త్వరగా నింపవలెనన్న పూర్తి వోల్టేజిని ఒక్కసారిగా ప్రయోగింపవలెనని విద్యార్థికి తోచుట సహజము. అతి సన్నని రంధ్రముల విషయమున ఈ తలంపు చెల్లదని బ్రైట్‌స్ప్రెకర్, కొండ్రాట్ మొదలగు శాస్త్రజ్ఞులు 2018, 2020 సంవత్సరములలో ప్రకటించిన రెండు పరిశోధన పత్రములు చెప్పుచున్నవి. 'నన్ను మెల్లగా నింపుడు, నాకు తొందరగా నున్నది' యని మొదటి పత్రము పేరునకు అర్థము. పేరు చమత్కారమైనను విషయము గంభీరమైనది.

ఈ సాధనములలో కర్బనపు ఎలక్ట్రోడు స్పంజివలె రంధ్రమయము. అయానులు రంధ్రపు గోడలను చేరుటచేత విద్యుదావేశము నిలువయగును. రంధ్రముల వెడల్పు 1 నానోమీటరుకంటె తగ్గినపుడు నిలువశక్తి హెచ్చునని 2006లో అమెరికా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాని అంత ఇరుకు దారిలో అయానుల రాకపోకలు కష్టము.

ఋణావేశము నొందు రంధ్రము నొకదానిని తీసికొందము. ధన అయానులు లోనికి రావలెను. లోనున్న ఋణ అయానులు వెలికి పోవలెను. వోల్టేజిని ఒక్కసారిగా పెంచినచో ధన అయానులు ముఖద్వారమున క్రిక్కిరియును. ఋణ అయానులు లోపలనే చిక్కుకొనును. రైలుపెట్టెలో దిగువారికి దారి ఈయక ఎక్కువారు త్రోసికొనినచో ఉభయులకును ఆలస్యమే గదా!

అడ్డంకి ఎచ్చట నున్నదో స్పష్టముగా చూపుట ఈ పరిశోధనలోని గొప్పతనము. మొదట కంప్యూటరు లెక్కలలో తేలిన విషయము 2020 పత్రమున ప్రయోగముచే రుజువైనది. ఖాళీచేయుటకు గూడ అందొక ఉపాయము గలదు: ఎలక్ట్రోడులను ఊరక కలిపివేయుటకంటె, వోల్టేజిని వ్యతిరేకదిశకు త్రిప్పి క్రమముగా శూన్యమునకు తెచ్చినచో ఆవేశము చాల త్వరగా తొలగును.

ఐనను పరిమితులు లేకపోలేదు. లెక్కకు తీసికొన్నది తిన్నని గోడల నడుమ నున్న ఒక్క చీలిక. నిజమైన కర్బనమున రంధ్రములు పలుకొలతలవి, వంకరలు గలవి. వోల్టేజిని ఒకే వేగముతో గాక, వేగము మార్చుచు పెంచిన రంధ్రము ఇంకను త్వరగా నిండునను మాటకు ఆ పత్రమున కంప్యూటరు లెక్కలే ఆధారము. అయానులకంటె ఎంతో వెడల్పైన రంధ్రములకు ఈ విధానముతో అంతగా పనిలేదు. 'నిదానమే ప్రధాన'మని మరీ మెల్లగా నింపినను కాలము వృథాయే. తగిన వేగమును కనుగొనుటలోనే కిటుకున్నది.

నిరోధమును కెపాసిటీచే గుణించి నిండుకాలమును లెక్కగట్టించు ఉపాధ్యాయులు, ఆ రెండును మారవను ఊహ సూత్రము వెనుక దాగియున్నదని గూడ చెప్పవలెను. ద్వారమున అయానులు క్రిక్కిరిసినపుడు ఆ ఊహ నిలువదు.