సూర్యదేవర పనితనం: సూరత్, 1995

1994 సెప్టెంబరులో తాపీ నది వరద తీసీ తీయకముందే సూరత్‌లో న్యుమోనిక్ ప్లేగు వార్త గుప్పుమంది. వేడ్ రోడ్డు వైపు మొదలైన భయం ఒక్క రాత్రిలో ఊరంతా పాకింది. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ అయిపోయింది, ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్కులకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. కొద్దిరోజుల్లోనే లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. లింబాయత్ బస్తీల్లో ఉండి సాంచాల మీద బతికే మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ పద్మశాలీలు కూడా ఆ గుంపుల్లో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద చావులు 56. ఆ సంఖ్య చిన్నదే కానీ, దానికి దేశం చెల్లించిన మూల్యం చాలా పెద్దది. విదేశీ విమానాలు ఆగాయి, మన సరుకు దించుకోవడానికి కొన్ని దేశాలు వెనకాడాయి.

అసలు రోగం అంతకు చాలా ముందే ముదిరింది. వజ్రాల సాన, జరీ, మర మగ్గాలు జనాన్ని లాగడంతో 1981 నుంచి 1991కి సూరత్ జనాభా దాదాపు రెట్టింపై 15 లక్షలకు చేరింది. ఇళ్ళు పెరిగాయి, మురుగు కాలువలు పెరగలేదు. 1992 డిసెంబరు అల్లర్లు ఊరిని రెండుగా చీల్చాయి. డబ్బు పుష్కలంగా ఉన్న ఊళ్ళో వీధుల్లో చెత్త కుప్పలు వారాల తరబడి అలాగే ఉండేవి.

చెత్త దగ్గర ఓడిన ప్రభుత్వాలు చరిత్రలో ఉన్నాయి. బ్రిటన్‌లో జేమ్స్ కలహన్ ప్రభుత్వం 1976లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చెయ్యి చాచింది. 1978-79 చలికాలంలో జీతాల పెంపు కోసం సమ్మెలు ఒకదాని వెనక ఒకటి వచ్చి లండన్ నడిబొడ్డున లీసెస్టర్ స్క్వేర్‌లో చెత్త సంచులు గుట్టలయ్యాయి. 1979 మార్చి 28న ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ధరలు, సమ్మెలు, పార్లమెంటు లెక్కలు, కారణాలు ఎన్నయినా చెప్పవచ్చు. జనం కళ్ళలో మిగిలిపోయింది మాత్రం ఆ సంచులే. సూరత్ కథ నన్ను పట్టుకున్నది ఇందుకే. ఇక్కడ కష్టకాలంలో వచ్చిన ఒక నగర పాలన తన పరువును చెత్త దగ్గరే వెతుక్కుంది, అక్కడే సంపాదించుకుంది కూడా.

1995 మేలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చినాయన సూర్యదేవర రామచంద్రరావు. గుజరాత్ కేడర్ ఐఏఎస్. అక్కడందరికీ ఎస్.ఆర్. రావు. ఆ ఇంటిపేరు వినగానే తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన పనిచేసిన కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. గాంధీనగర్‌లో కేశూభాయి పటేల్ ప్రభుత్వం ఆ మార్చిలోనే ఏర్పడింది. సెప్టెంబరులో శంకర్‌సింగ్ వాఘేలా తిరుగుబాటు, ఎమ్మెల్యేల ఖజురహో యాత్ర. అక్టోబరులో సురేశ్ మెహతా ముఖ్యమంత్రి. ఏడాది తిరిగేసరికి రాష్ట్రపతి పాలన, ఆ వెంటనే వాఘేలా. పైన కుర్చీలు ఇలా మారుతుంటే కింద ఒక ఊరి యంత్రాంగం తెల్లవారి లేచి వీధుల్లో తిరగడం నేర్చుకుంది. దీన్ని అదృష్టం అనుకుంటే ఆయన పనితనాన్ని తక్కువ చేసినట్టే.

ఆ పనితనంలో మొదటి మెలకువ అధికారాన్ని పంచడం. నగరాన్ని ఆరు జోన్లుగా తీర్చి, ఒక్కో జోన్‌ను ఒక పెద్ద అధికారికి అప్పగించి, కమిషనర్ చేతిలో ఉండే ఆర్థిక, పాలనాధికారాల్లో మంచి వాటా వాళ్ళకు రాసిచ్చారు. 1949 నాటి బొంబాయి ప్రావిన్షియల్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వాహక అధికారమంతా కమిషనర్ చేతిలో పెడుతుంది. అంత అధికారం దొరికినవాడు సాధారణంగా ఇంకా కావాలంటాడు. ఈయన దాన్ని కిందికి దింపారు. గోతి పూడ్చడానికి ఫైలు ప్రధాన కార్యాలయం దాకా పోయి రావలసిన పని తప్పింది. ఆ గోతికి ఎవరు జవాబుదారో కూడా తేలిపోయింది. అధికారం ఇవ్వకుండా బాధ్యత అడిగే పద్ధతి మన ఆఫీసుల్లో ఎంత పాతుకుపోయిందో తెలిసినవాళ్ళకు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

రెండోది దినచర్య. ‘ఏసీ నుంచి డీసీకి’ అని ఆయన పెట్టిన నినాదం అప్పట్లో బాగా పాకింది. చల్లటి గదిలోంచి రోజువారీ పనిలోకి రమ్మని దాని భావం. కమిషనర్ మొదలు శానిటరీ ఇన్‌స్పెక్టర్ దాకా అందరూ పొద్దుటి పూటంతా వీధుల్లో ఉండాలి. మధ్యాహ్నం అందరూ ఒకచోట కూర్చుని పొద్దున చూసింది చెప్పాలి. నాకు ఈ మధ్యాహ్నపు కూడిక మీదే ఎక్కువ గౌరవం. వీధుల్లో తిరిగే అధికారులు అంతకుముందూ ఉన్నారు. కానీ చూసిన సంగతి అదే రోజు పదిమంది తోటి అధికారుల ముందు చెప్పవలసి వస్తే చూపు మారుతుంది. పక్క జోన్‌లో నిన్న తీసిన పూడిక మన జోన్‌లో ఈరోజు కూడా ఉందంటే, ఎవరూ కేకలెయ్యకుండానే రేపటికి పోతుంది. నీళ్ళ శాఖ, డ్రైనేజీ శాఖ, రోడ్ల శాఖ ఒకరి మీద ఒకరు తోసేసుకునే పనులు కూడా అక్కడే తేలాలి, ఆ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు కాబట్టి. పడుగూ పేకా కలిసిన చోటే బట్ట పుడుతుంది. సూరత్ పాలనలో ఆ కలిసే చోటు మధ్యాహ్నపు సమావేశం.

ఇంకా దగ్గరికి వెళ్ళి ఒక చిన్న వస్తువును చూద్దాం: ఫిర్యాదు కార్డు. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి. వెంటనే తేలాల్సిన పనికి ఎర్ర కార్డు, కాస్త వ్యవధి పట్టే చిక్కులకు తెల్ల కార్డు. ఇందులో ఆలోచన ఎంత ఉందో చూడండి. అర్జీల కట్టలో పొంగుతున్న మ్యాన్‌హోలు, కొత్త రోడ్డు కోరిక పక్కపక్కన పడుంటే రెండూ ఒకే నిదానంతో నడుస్తాయి. రంగు వేరైతే గుమస్తా కూడా చదవకముందే తొందర గుర్తుపడతాడు. ఎర్రది గడువు దాటి బల్ల మీద ఉందంటే దూరం నుంచే కనిపిస్తుంది. గడువు దాటితే సంబంధిత ఉద్యోగి జవాబు చెప్పాలి. రెండు రంగుల అట్టముక్కలతో చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటరు సాయం లేని రోజుల్లో, చదువు అంతంత మాత్రమైన బస్తీల కోసం ఇంతకన్నా పొందికైన పరికరం నాకు తోచదు.

ఊడ్చే వేళ కూడా ఇంత జాగ్రత్తగానే కుదిర్చారు. పొద్దున ఊడుపుతో పాటు ప్రధాన రోడ్లకు రాత్రి ఊడుపు వచ్చింది. బట్టల మార్కెట్ల ఊళ్ళో చెత్తంతా కొట్లు కట్టే వేళకే రోడ్డెక్కుతుంది. పగలు బళ్ళ మధ్య చీపురు తిప్పడం కష్టం, కార్మికుడికి ప్రమాదం. రోడ్డు ఖాళీ అయ్యాక ఊడిస్తే పనీ సాగుతుంది, తెల్లారి తలుపు తీసినవాడికి శుభ్రమైన వీధీ కనిపిస్తుంది. శుభ్రంగా ఉన్నచోట చెత్త వెయ్యడానికి చెయ్యి కాస్త వెనకాడుతుంది. వెనకాడని చేతికి జరిమానా ఉంది. మళ్ళీ మళ్ళీ చేస్తే అదీ పెరుగుతుంది.

రోగాల లెక్క కూడా ఈ వరసలోదే. ఆసుపత్రులు, డిస్పెన్సరీలనుంచి జ్వరాల సమాచారం ఏ రోజుకారోజు రప్పించి, ఏ పేటలో కేసులు పెరుగుతున్నాయో ఆ పేటకు మనుషుల్ని పంపారు. ప్లేగు వచ్చాక మేల్కొన్న ఊరు, మలేరియా వచ్చేలోపే లేవడం అలవాటు చేసుకుంది.

బుల్డోజర్ల సంగతి అందరూ చెప్పుకుంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అక్రమ కట్టడాల కూల్చివేత పలుకుబడి గలవాళ్ళతో మొదలుపెట్టడం ఆయన నేర్పు. పెద్దవాళ్ళ అరుగే పోయిందని తెలిశాక చాలామంది తమవి తామే తీసుకున్నారు. అయినా రోడ్డు వెడల్పయినప్పుడు బండి మీద బతికేవాడికీ, గుడిసెలో ఉండేవాడికీ పడే దెబ్బ, మేడ యజమానికి పడే దెబ్బతో సమానం కాదు. బస్తీల్లో మరుగుదొడ్లు, కుళాయిలు, గచ్చు చేసిన సందులు వచ్చాయన్నది ఆ నొప్పిని కొంత తగ్గిస్తుందే గాని మాపదు. ఈ కథ చెప్పేటప్పుడు అది కూడా చెప్పాలనే నా పట్టుదల.

ఫలితం త్వరగానే వచ్చింది. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరమంది. రావు సుమారు రెండేళ్ళకే బదిలీ అయ్యారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొప్పతనానికి నేను చూపే సాక్ష్యం మాత్రం ఆ బిరుదు కాదు. వెళ్ళిపోయాక ఏమైందన్నదే. తర్వాత వచ్చిన ఎస్. జగదీశన్ ఆ పద్ధతుల్ని విప్పెయ్యకుండా కొనసాగించారు. జోన్లు నిలిచాయి, రాత్రి ఊడుపు నిలిచింది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళతో ఊళ్ళో చాలా భాగం మునిగింది, వరద తీశాక గుట్టల కొద్దీ బురద మిగిలింది. పన్నెండేళ్ళ కిందటి ఆ మహా పలాయనం మాత్రం మళ్ళీ జరగలేదు. 2020 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్‌ది రెండో స్థానం. 2023 సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం. అప్పటికి రావు ఆ కుర్చీ వదిలి పాతికేళ్ళు దాటింది.