స్కువాల పొరుగున కొలువు

నాచారం, ఉప్పల్ జనానికి ఎన్‌జీఆర్‌ఐ అంటే హబ్సిగూడ పక్కన వచ్చే మెట్రో స్టేషన్. 1961లో పుట్టిన ఆ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నడిపే భూకంప కేంద్రాల్లో ఒకటి మాత్రం అంటార్కిటికాలో, భారత స్థావరం మైత్రి దగ్గరుంది.

మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మంచులో దీవి. సుమారు 35 చదరపు కిలోమీటర్ల రాతిగుట్టలు, మధ్యమధ్య చెరువులు. ఉప్పల్‌లో స్వెట్టర్లు బయటికి తీసే డిసెంబరులో అక్కడ వేసవి, సూర్యుడు అస్తమించడు. స్కువా పక్షులు గూళ్లు పెట్టేదీ అప్పుడే.

భూకంపమాపకాన్ని కనిపెట్టుకుని ఉండటం పైకి చప్పటి పనే. పరికరం రాతిమీద సమంగా కూర్చుందా? దాని గడియారం ఉపగ్రహ సమయంతో కలుస్తోందా? కేబుళ్లు గాలికి తట్టుకున్నాయా? మంచు పీఠభూమి నుంచి దూకే ఆ గాలి నేలనూ సన్నగా వణికిస్తుంది. గాలి అల్లరి ఏదో, ఎక్కడో సముద్రగర్భంలో కదిలిన భూకంపం ఏదో గీతల్లో విడదీయగల కన్నే ఈ పనిలో అసలు నేర్పు. దానికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు.

ఇక పొరుగువారి సంగతి. స్కువా నేలమీది గుంటలోనే, సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. దగ్గరికెళితే నెత్తిమీదికి దూకుతుంది. కర్ర పైకెత్తి పట్టుకుంటే తలను వదిలి కర్ర కొస మీదికి వస్తుంది. చుట్టుదారిన పోవడమే మర్యాద. గూళ్ల జోలికెళ్లడానికి అంటార్కిటిక్ నిబంధనలూ ఒప్పుకోవు.

స్థావరంలో శాస్త్రవేత్తయినా వంతు వస్తే వంటగదిలో చేయి వేయాల్సిందే. మిగిలిన అన్నం మాత్రం స్కువాలకు విసరకూడదు.