రెంబ్రాంటు గాలిమర

హాలండు దేశపు చిత్రకారులలో అగ్రగణ్యుడైన రెంబ్రాంటు (1606-1669) 1641వ సంవత్సరమున ఒక గాలిమరను రాగిరేకుపై చిత్రించెను. రేకునకు మైనపు పూత పూసి, సూదిమొనతో గీతలు గీచి, ఆ గీతలను ఆమ్లముచే తినిపించి, సిరా నింపి కాగితముపై అచ్చొత్తుట దీని పద్ధతి. చిత్రము జానెడు వెడల్పునకు మించదు. దీని ప్రతులు ఆమ్‌స్టర్‌డాములోని రైక్స్ మ్యూజియము మొదలగు చోట్ల గలవు.

ఈ చిత్రమును చిరకాలము ఒక కథ అంటిపెట్టుకొని యుండెను. రెంబ్రాంటు తండ్రి లైడెన్ నగరమున మర నడిపినవాడు. కావున ఇది ఆ తండ్రి మరయే యని పలువురు నమ్మి, పితృభక్తికి నిదర్శనముగా దీనిని కొనియాడిరి. పరిశోధన ఆ కథను నిలువనీయలేదు. ఈ మర ఆమ్‌స్టర్‌డాము కోట బురుజుపై నుండెడిది; తోలుపనివారి వృత్తిసంఘమునకు చెందినది. చేపనూనెతో తోళ్లను మెత్తపరచుట యిచ్చటి పని. ఆ దుర్గంధమునుబట్టి జనులు దీనిని ‘చిన్న కంపుమర’ యనిరి.

కథ పోయినందున చిత్రము చిన్నబోయినదా? లేదు. తండ్రి మర యని చూచిన కన్ను గీతలకంటె ముందు కన్నీటిని వెదకెను. కంపుమర యని యెరిగిన కన్ను ఉన్నదానిని చూచును: అష్టకోణపు కట్టడము, గాలివాలునకు తిరుగు కప్పు, జాలకట్టువంటి రెక్కలు, చెంతనున్న పొట్టియిల్లు, దూరమున చదునైన నేల. వాషింగ్టను నేషనల్ గ్యాలరీలోని ‘మర’ యను అతని వర్ణచిత్రమున (సుమారు 1645-48) మర చీకటిరూపమై ఆకాశకాంతి కెదురుగా నిలుచును. అందలి గాంభీర్యము ఇందు లేదు. ఇందున్నది పనిముట్టునెడ శ్రద్ధ.

ఆకాశమున సన్నని బీటలవంటి జాడలు గలవు. మైనపు పూత పగులుటచే ఇవి యేర్పడెనని నిపుణుల అభిప్రాయము. దోషముగా పుట్టిన యీ జాడలే శూన్యాకాశమునకు గాలి కదలిక నొసగినవి.

వాసనను గీత చూపజాలదు. అచ్చటి శ్రమజీవుల కష్టమంతయు ఈ చిత్రమున గలదనుట అతిశయోక్తి. కాని వారి మరను నాసిక మూసికొనక, అలంకరింపక, ఉన్నదున్నట్లు గీచుట స్వల్పవిషయము కాదు. కళాకృతికి గౌరవము వంశకథవలన గాక చూపులోని సత్యమువలన కలుగునని యీ చిన్న చిత్రము నిరూపించుచున్నది.