గరాజు ముందు, గుమ్మం వెనుక

మనవాళ్ళు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు వాస్తు గురించి పడే తాపత్రయం చూస్తే ముచ్చటగా ఉంటుంది. సింహద్వారం తూర్పుకుందా ఉత్తరానికుందా అని దిక్సూచి పట్టుకు తిరుగుతారు. దక్షిణపు వాకిలైతే ఎంత చవకగా వచ్చినా వద్దంటారు. గృహప్రవేశం నాడు ఆ గడపకు పసుపు రాసి, తోరణం కట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళి పాలు పొంగిస్తారు. మర్నాటి నుంచి ఆ తలుపు తీసేది పొట్లాలు తెచ్చే కుర్రవాడి కోసమే. ఇంటిల్లిపాదీ గరాజులోంచి, బట్టలుతికే యంత్రాన్ని రాసుకుంటూ, వంటింట్లోకి వచ్చి పడతారు. చెప్పుల గుట్ట అక్కడే. ఆ దారి ఏ దిక్కున ఉందో ఏ సిద్ధాంతీ అడగడు.

మేము వైద్యులం, వాస్తుశిల్పులం కాము. అయినా కావ్యాన్ని విమర్శించినట్టే ఇంటినీ విమర్శించవచ్చునని మా నమ్మకం. కవి పాఠకుణ్ణి ఎవరని ఊహించుకున్నాడో కావ్యం పట్టిస్తుంది. ఇల్లు కట్టినవాడు ఆ ఇంట్లో ఉండేవాణ్ణి ఎవరని ఊహించుకున్నాడో ఇల్లు పట్టిస్తుంది. "కారు ఎక్కడ పెట్టాలి?" అన్న ప్రశ్నకు ఈ దేశం నూరేళ్ళకు పైగా రకరకాల జవాబులు చెబుతూ వచ్చింది. వాటిలో గొప్పవి ఉన్నాయి, అందమైనవీ ఉన్నాయి. కాని జవాబు మారినప్పుడల్లా కారు లేని మనిషికి చోటు కొంచెం తగ్గింది. మన ఇళ్ళలో ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చిన అమ్మా, నాన్నా.

మొదట్లో కారు గుర్రానికి వారసురాలు. ఇంటి వెనక సందువైపు గుర్రపుశాల ఉన్నచోటే దానికీ కొట్టం వేశారు. పెట్రోలు అంటుకుంటుందన్న భయం ఒకటి, వాసన ఒకటి. మన పల్లెల్లో గొడ్లసావిడి పెరటివైపు ఉండడానికీ ఇలాంటి కారణాలే. చికాగోలో ఆ వెనక సందులు ఇప్పటికీ ఉన్నాయి. బండి వెనక ఉంది కాబట్టి వీధివైపు మెట్లూ, వసారా, కుర్చీలూ మిగిలాయి. మన అరుగుకు దగ్గరి చుట్టం ఆ వసారా.

బండిని ఇంటితో కలిపి కట్టిన తొలి ప్రసిద్ధ గృహం కూడా చికాగోలోనే ఉంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ రోబీ అనే యువ వ్యాపారి కోసం కట్టిన ఇల్లు 1910లో పూర్తయింది. అప్పటికి ఫోర్డు కంపెనీ మోడల్ టీ కారు వచ్చి రెండేళ్ళే అయింది. దాన్ని కదిలే వరుస మీద తయారుచేయడం ఇంకా మొదలు కాలేదు, అది 1913 మాట. అలాంటి రోజుల్లో ఈ ఇంటికి మూడు కార్ల గరాజు! కారు కిందికి దిగి మరమ్మతు చేసుకునే గుంట, కడుక్కునే ఏర్పాటు కూడా ఉన్నాయి. పైన నౌకర్ల గదులు. ఆ ఇంటి సౌందర్యం గురించి మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. పొడుగాటి చూరులు, వరుసగా రంగు గాజు కిటికీలు, రైలుబండి ఆగినట్టు నిలబడి ఉంటుంది. చూడబోయినవాళ్ళు మాత్రం మొదట వెతుక్కునేది తలుపును. వీధి మలుపున అంత ఠీవిగా నిలబడ్డ ఇంటికి ప్రధాన ద్వారం ఉత్తరం వైపు, మాటున ఉంది. ఇంతా చేసి రోబీ కుటుంబం అందులో ఏడాదిన్నరైనా ఉండలేదు.

మా దృష్టిలో అసలు మలుపు అది కాదు, ధనవంతుడి ముచ్చట దేశం మీద పడదు. మలుపు 1937లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో, జేకబ్స్ అనే పత్రికా రచయితకు రైట్ కట్టిన చిన్న ఇంట్లో ఉంది. ఖర్చు సుమారు 5,500 డాలర్లు. సామాన్యుడికి అందమైన ఇల్లు ఇవ్వాలన్న రైట్ పట్టుదల మెచ్చుకోదగ్గది. కారు గుర్రం కాదు, దానికి శాల దేనికి అని గరాజును తీసిపారేసి, చూరునే కొంచెం చాచి కింద కారు పెట్టుకోమన్నాడు. దానికి కార్‌పోర్టు అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చింది ఆయనే. ఇంటి వెనక తోటవైపు నిలువెత్తు గాజు తలుపులు, ఎండ, గాలి. మరి వీధివైపు? దాదాపు మూసేసిన కొయ్య గోడ, చూరు కింద సన్నటి కిటికీల వరుస. ఆ ఇంట్లో దారినపోయేవాడికి కనిపించేది కారొక్కటే. కుటుంబం వెనక్కి తిరిగింది, కారు ముందుకొచ్చింది. 2019లో యునెస్కో వారు రోబీ ఇంటినీ దీన్నీ ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. ఆ గౌరవానికి మేము అభ్యంతరం చెప్పము. కాని యుద్ధం తరవాత లక్షల సంఖ్యలో వచ్చిన ఒంటి అంతస్తు ఇళ్ళు ఈ ఇంటి నుంచి గాజునూ వెలుగునూ పిసరంతే తీసుకుని, వీధికి వీపు పెట్టే అలవాటును మాత్రం పూర్తిగా తీసుకున్నాయి. మహాకవి చేసిన ఒక ప్రయోగం, అనుకరించేవాళ్ళ చేతిలో పడి ఊతపదమైపోయినట్టు.

కారును ప్రేమించకుండానే దానికి లొంగి, లొంగుతూనే మనిషిని కాపాడాలని చూసిన ప్రయత్నం ఒకటుంది. న్యూజెర్సీలో ఉన్న మిత్రులు ఒక ఆదివారం వెళ్ళి చూడవచ్చు. ఫెయిర్‌లాన్‌లోని రాడ్‌బర్న్. 1929లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ (ఈ రైట్ వేరు) మోటారు యుగానికి తగిన ఊరని దీన్ని కట్టారు. కార్లకు ఒక వైపు సందులు, మనుషులకు రెండో వైపు తోటలు. పిల్లలు కారు దారి దాటకుండా బడికి పోవడానికి రోడ్డు కింద సొరంగం. ఇంటి అసలు ముఖం తోటవైపు, వంటిల్లూ గరాజూ సందువైపు. 25,000 మంది ఉండాలనుకున్న ఊరు ఆర్థిక మాంద్యంలో చిక్కి 3,000 చిల్లర మంది దగ్గర ఆగిపోయింది.

మా మటుకు ఇంతకన్నా దయగల పట్టణ రచన ఈ దేశంలో మరొకటి కనిపించదు. అయినా దీన్ని విమర్శించక తప్పదు. శిల్పులు అనుకున్నది ఒకటి, జనం చేసింది ఒకటి. కారు దిగినవాడు ఇల్లంతా చుట్టి తోటవైపు గుమ్మంలోంచి రాడు, దగ్గరి తలుపులోంచే వస్తాడు. పిల్లలూ గచ్చు ఉన్నచోటే, సందులోనే, బంతి ఆడారు. మనం సింహద్వారాన్ని వదిలి చెప్పులు గరాజులో విడిచినట్టే అన్నమాట. తరవాత వచ్చిన బిల్డర్లు ఈ ఊరి నుంచి ఏం నేర్చుకున్నారు? చివర మూసుకుపోయే సందును నేర్చుకున్నారు. తోటనూ సొరంగాన్నీ వదిలేశారు, వాటికి డబ్బు రాదు కనుక.

1947లో న్యూయార్కు పక్కన మొదలై 17,000 దాటిన లెవిట్‌టౌన్ ఇళ్ళకు మొదట గరాజే లేదు. ఇల్లంతా కలిపి 750 చదరపు అడుగులు. ఈనాడు రెండు కార్ల గరాజు ఒక్కటే 400 చదరపు అడుగులుంటుంది. ఇప్పుడు కడుతున్న కొత్త ఇళ్ళలో మూడింట రెండు వంతులకు రెండు కార్ల గరాజులున్నాయి. మనవాళ్ళయితే మూడో తలుపు లేకపోతే చిన్నబుచ్చుకుంటున్నారు.

ఇదంతా జనం కోరికేనని వాదించేవారున్నారు. సగం నిజం. మిగతా సగం చట్టం. అపార్టుమెంటు కడితే కార్లకు చోటు చూపించి తీరాలని ఒహాయోలోని కొలంబస్ నగరం 1923లో శాసించింది. 1939లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో హోటళ్ళకూ ఆసుపత్రులకూ అలాంటి నియమమే పెట్టింది. మా వృత్తి దీనిలో తొందరగానే ఇరుక్కుందన్నమాట! ఓక్‌లండ్ నగరం 1961లో ఇంటికొక కారు చోటు తప్పనిసరి చేశాక, ఒక్కొక్క ఇంటి నిర్మాణ వ్యయం 18 శాతం పెరిగింది, అంతే స్థలంలో కట్టే ఇళ్ళ సంఖ్య 30 శాతం తగ్గింది. ఈ లెక్కల్ని డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు 2005లో ఒక లావుపాటి గ్రంథంలో పెట్టి దేశం కళ్ళు తెరిపించాడు. ఆయన 2025లో కాలం చేశారు. ఆయన ముఖ్యమైన ఆరోపణ ఏమిటంటే, ఎన్ని చోట్లు కావాలన్న అంకెకు శాస్త్రం లేదు, ఒక ఊరిని చూసి ఇంకొక ఊరు రాసుకుంది. లేదా ఎక్కువ రద్దీ రోజున కొలిచి అదే నియమం చేసింది. జ్వరం పెరిగిన గడియలో థర్మామీటరు చూసి జీవితాంతం మందు రాసే వైద్యుణ్ణి ఏమంటాం?

ఈ చట్టాలకు తలవంచి లాస్ ఏంజిలిస్‌లో 1950లలో, 60లలో ఒక జాతి అపార్టుమెంట్లు పుట్టాయి. కింద సన్నటి స్తంభాల మధ్య కార్లు, వాటి నెత్తిన రెండంతస్తుల ఇళ్ళు, ముందు గోడకు ఏదో అందమైన పేరు. వాటిని డింగ్‌బాట్లు అంటారు. రైనర్ బాన్‌హమ్ అనే ఆంగ్ల విమర్శకుడు 1971లో లాస్ ఏంజిలిస్ మీద రాసిన పుస్తకంలో వీటిని ఆసక్తిగా పరిశీలించాడు. మాకు అంత సరదాగా చూడడం చేతకాదు. 1994 జనవరి 17 తెల్లవారుజామున నార్త్‌రిడ్జ్ భూకంపంలో, కింద కార్ల కోసం బోలుగా వదిలిన ఒక అపార్టుమెంటు కూలి 16 మంది చనిపోయారు. అలాంటి కట్టడాలను బలపరచాలని ఆ నగరం చట్టం చేసేసరికి 2015 వచ్చింది. 2001 జనవరి 26న అహమ్మదాబాదులోనూ ఇదే చూశాం. కింద గోడల్లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన అపార్టుమెంట్లు కూలాయి. ఆ మరుసటి ఏడు భారత భూకంప ప్రమాణాల్లో ఇలాంటి బలహీనమైన అంతస్తు గురించి ప్రత్యేకంగా రాశారు. హైదరాబాదులో మనం కొన్న ఫ్లాట్లకు కింద ఉన్నదేమిటి? స్టిల్టు పార్కింగే. ఆ కార్ల పక్కన ఒక్క గదిలో వాచ్‌మన్ సంసారం. ఇంజనీరు ఆ స్తంభాలకు ఏం చేశాడో ఒక్కసారి అడిగి చూడండి. కొనేముందు తూర్పు ముఖమా అని అడిగినంత శ్రద్ధగా.

ఇక్కడి సబర్బులకు తిరిగి వద్దాం. స్థలం ముందువైపు సన్నగా, లోపలికి పొడుగ్గా కోసి, రెండు కార్ల తలుపు వీధివైపు పెట్టేసరికి గరాజు ఇంటి ముఖంలో సగానికి పైగా ఆక్రమించి ముందుకు పొడుచుకొచ్చింది. ఇంగ్లీషులో వీటిని వెటకారంగా పందిముట్టె ఇళ్ళంటారు. 1999లో ఆరెగాన్‌లోని పోర్ట్‌లండ్ నగరం ఇంటి ముఖంలో గరాజు సగం మించకూడదని నిబంధన పెట్టింది. బిల్డర్లు గోలపెట్టారు. ముఖం చూసి ఇల్లు ఎక్కడుందో తెలియాలన్న కోరిక అంత నేరమా!

ఈ వీధుల్లోకి మన పెద్దవాళ్ళు వస్తారు. మాతో మాట్లాడే పెద్దల్లో సగంమంది చెప్పే జబ్బు ఒకటే, దానికి మందు మా సంచిలో లేదు. "పొద్దున్నుంచి మనిషి ముఖం కనపడలేదు బాబూ" అంటారు. ఊళ్ళో ఉదయం పాలకు, సాయంత్రం గుడికి నడిచిన కాళ్ళు ఇక్కడ మూసిన సందు చివరిదాకా వెళ్ళి తిరిగొస్తాయి. ఆ సందులో పలకరిద్దామన్నా ఎవరూ ఉండరు. కారు వస్తుంది, తలుపు తనంతట పైకి లేస్తుంది, కారును మింగి మూసుకుంటుంది. పెరుగు కావాలన్నా కొడుకు ఆఫీసు నుంచి రావాలి. షుగరు పెరిగిందని మనం మాత్ర పెంచుతాం. నడవమని చెబుతాం. ఎక్కడికి నడవాలో చెప్పం.

ఇంతచేసీ ఆ గరాజులో కార్లయినా ఉన్నాయా? లాస్ ఏంజిలిస్‌లో 32 కుటుంబాల ఇళ్ళను పరిశోధకులు గది గదీ పరిశీలించి 2012లో ప్రచురించారు. నాలుగింట మూడు గరాజుల్లో సామాను నిండిపోయి కారుకు చోటు లేదు. మన గరాజుల్లో బియ్యం బస్తాలు, బతుకమ్మ పళ్ళేలు, నాటకం తెరలు, గోడవార గ్యాసు పొయ్యి. పోపు వాసన ఇంట్లోకి రాకూడదని ఇల్లాలిని అక్కడికి పంపుతాం. వైద్యుడిగా ఒక మాట చెప్పి ముందుకు పోతాం. తలుపు మూసిన గరాజులో పొయ్యి వెలిగించకండి. కారు ఆపడం మరిచి లోపలికి పోకండి, మీట నొక్కి నడిపే కార్లు వచ్చాక ఇలా ప్రాణాలు పోయాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మన రక్తానికి ప్రాణవాయువు మీదకన్నా దాని మీద ప్రీతి రెండువందల రెట్లు.

నియమాలు సడలుతున్న మాట నిజం. బఫెలో 2017లో, మినియాపొలిస్ 2021లో, ఆస్టిన్ 2023లో కార్ల చోటు తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తేశాయి. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టాల ప్రకారం గరాజును నివాసంగా మార్చుకుంటే, పోయిన కారు చోటుకు బదులు చూపించనక్కరలేదు. అక్కడి మనవాళ్ళు కొందరు గరాజు తలుపు తీసేసి, గోడ కట్టి, స్నానాల గది చేర్చి, అమ్మానాన్నలకు గది చేస్తున్నారు. గరాజు ఎలాగూ అందరికన్నా ముందుకొచ్చి కూర్చుంది కనుక, ఆ గదికి పెట్టే కిటికీ తిన్నగా వీధిలోకే తెరుచుకుంటుంది. కారేమో బయట ఎండలో ఉంటుంది. కిటికీ దగ్గర ముసలమ్మ ఉంటుంది, ఎదురింటి గరాజు తలుపు ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ.