రాజమహేంద్రవరమున మూడు హాస్యరూపకములు

భరతముని ప్రహసనమును దశరూపకములలో నొకటిగా బరిగణించి, శుద్ధము, సంకీర్ణము నని దానికి రెండు భేదములు చెప్పెను. ఏడవ శతాబ్దియందే పల్లవరాజగు మహేంద్రవర్మ మత్తవిలాసమును రచించెను. తెలుగున యక్షగానములును వీధినాటకములును చిరకాలముగ నున్నను, నాటకరచన పందొమ్మిదవ శతాబ్దివరకు రాలేదు. వచ్చిన పిమ్మట నవీనరంగస్థలము నవ్వుతో నారంభమయ్యెను. ఆ నవ్వును పుట్టించినవారు వృత్తినటులు గారు. ఒక తెలుగు పండితుడును ఆయన శిష్యులును.

1880వ సంవత్సరప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమున నాటకములాడి వెడలిపోయిరి. వారు విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులను సమాజముగా గూర్చి ప్రదర్శనములు జరిపించిరి. ఆ కాలపు ప్రదర్శనములలో పేర్కొనదగినవి మూడు: షేక్స్పియరు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ననుసరించిన చమత్కార రత్నావళి, శ్రీహర్షుని నాటికకు దెలుగగు రత్నావళి, పంతులుగారి స్వకపోలకల్పితమగు వ్యవహార ధర్మబోధిని. ఈ మూటిని వేర్వేరుగ జదువుట పరిపాటి. ఒక్క సమాజము ఆడినవిగా జేర్చి చూచినచో వాని తారతమ్యము తేటపడును.

మొదటి రెండును భ్రాంతిమూలకములు. ఆంగ్లనాటకమున నొకే రూపము గల యజమానులిద్దరు, ఒకే రూపము గల సేవకులిద్దరు. ఒకనికి జెందవలసిన దెబ్బ వేరొకనికి దగులును. శ్రీహర్షుని నాటికయందు సాగరిక వాసవదత్తవేషమున సంకేతమునకు రావలసియుండగా వాసవదత్తయే ముందుగ వచ్చును. రాజామెను సాగరిక యనుకొని ప్రేమవాక్యములు పలికి పట్టువడును. ఒకటి పడమటిది, ఒకటి మనది. హాస్యబీజము మాత్ర మొక్కటియే. గుర్తింపు కలిగినతోడనే చిక్కు విడిపోవును. ఎవ్వరిపైనను నింద నిలువదు. ప్రేక్షకుడు సుఖముగ నింటికి బోవును.

వ్యవహార ధర్మబోధిని యట్టిది గాదు. దీనికే ప్లీడరు నాటకమని వాడుక. ఇందు ముఖములు తారుమారు గాలేదు, ధర్మము తారుమారయినది. న్యాయస్థానములలో వకీళ్లు చేయు కపటము భ్రాంతివలన గలిగినది గాదు, బుద్ధిపూర్వకమైనది. పేరునందలి ధర్మబోధయే వ్యంగ్యము, బోధింపబడునది యధర్మము. పైరెండింటియందును గుర్తింపు నవ్వునకు ముగింపు; ఇందు గుర్తింపే నవ్వునకు మొదలు. న్యాయస్థానములు గల పట్టణమున, వ్యాజ్యెమాడినవారును ఆడించినవారును గూర్చుండదగిన పాకలో నిది యాడబడినదని తలచినపుడు దీని సాహసము తెలియును. హాస్యము ఆత్మస్థము, పరస్థము నని భరతుడు విభజించెను: తాను నవ్వుట మొదటిది, పరుల నవ్వించుట రెండవది. తన నడవడినే రంగమున జూచి నవ్వవలసివచ్చుట యను స్థితిని ఈ చిన్న నాటకము ప్రేక్షకునకు గల్పించినది.

భాషావిషయమునను ఈ భేదమే కానవచ్చును. సంధి విగ్రహములను గ్రాంథికమున రచించిన చేయియే యిచట వాడుకమాటను బట్టినది. వకీలు గ్రాంథికము పలికినచో నతడు మన వకీలు గాడు. వాని మోసమును మన యూరి మోసము గాదు. సిద్ధాంతముకంటె ముందు ప్రయోజన మాయన చేత నీ పని చేయించెను. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు ఆయన అధ్యక్షులగుట ఆకస్మికము గాదని యీ ప్రహసనములే చెప్పుచున్నవి.

దోషములును లేకపోలేదు. కథాసంవిధానము పలుచన, సంభాషణములు గ్రుచ్చిన దండవలె నున్నవి. పాత్రలు వ్యక్తులు గాక తెగలు. శ్రీహర్షుని కూర్పుతో బోల్చిన నిది నాటకమనుటకు సందేహించువా రుందురు. అయినను శిల్పమున దక్కువయైనదే సంతానము గలది యయ్యెను. 1892లో విజయనగరమున బ్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో బెంపొందిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ఈ త్రోవనే నడచి యొక యడుగు ముందునకు వేసినది. అందు కన్యల నమ్ముకొను వైదికుడేగాక, సంస్కరణము మాటలాడు గిరీశమును నవ్వులపాలయ్యెను. సంస్కర్త యెక్కుపెట్టిన బాణము సంస్కరణాభిమానులవైపునకును దిరిగినది. పాత్రలును తెగలనుండి మనుష్యులైరి.

ఔత్సాహికసమాజములు హాస్యరూపకముల నెన్నుకొనునపుడు నేడును ఆ పాకను స్మరింపదగును. అనువాదహాస్యము నటులకు మంచి సాధన, దానిని విడువరాదు. కాని దానితోనే తృప్తిపడిన సమాజము తన యూరికి ఋణపడియే యుండును. టిక్కెట్టు గొన్నవాని నొప్పింతుమేమో యను వెఱపు వృత్తిసమాజమునకు సహజము. ఆ వెఱపు లేకుండుటయే ఔత్సాహికునకు గల భాగ్యము. దాని నుపయోగింపనిచో నతడు వృత్తినటునికి దుర్బలమైన యనుకరణముగ మిగులును.